కండ్లు మూసిన అమ్మవారు

నీ మోకాళ్ళు ఎందుకు అరిగినయే అని మనవరాలు అడిగితే, ముసలితనం బిడ్డా అని తప్పించుకున్న. అసలు సంగతి మీకు చెప్తున్న. నవ్వుతే నవ్వుండ్రి. అప్పుడైతే ఎవ్వరం నవ్వలే.

పటాన్‌చెరుల కంపెనీలు కొత్తగ లేస్తున్న రోజులు. మా ఆయన రేకులు ఒత్తే ప్రెస్సు మిషన్ మీద పనిచేసేటోడు. ఒకనాడు చెయ్యి అండ్ల వడి మూడు వేళ్ళు పోయినయి. సంగారెడ్డి దవాఖానల వేసిండ్రు. పుండు చీము వట్టింది, జ్వరం దిగుతలేదు. డాక్టర్ సాబు నన్ను పక్కకు పిలిచి, "ఈ వారం గడిస్తే మనిషి దక్కుతడమ్మా" అన్నడు. దేవుని పటమన్న తెచ్చి పెడ్దామనుకున్న.

అంగడికి పోయిన. ఒకాయన వింత పటాలు అమ్ముతుండు. ముట్టుకుంటే గరుకు గరుకు గీతల ప్లాస్టిక్. నిలవడి చూస్తే అమ్మవారు కండ్లు తెరుస్తది! జెర వంగితే మూస్తది! కొనుక్కొచ్చి ఆయన కాళ్ళ దిక్కు గోడకు పైన తగిలిచ్చిన.

కూసుంటే తల్లి కండ్లు మూసింది. లేస్తే తెరిచింది. ఓహో, నేను కూసుంటే తల్లి ఆయనను కనిపెడ్తలేదు! ఇగ నిలవడ్డ. పొద్దంత నిలవడ్డ. బువ్వ గూడ నిలవడే తిన్న. "అత్తా, నువ్వు గూడ కూసోకు" అంటే మా అత్త, "నీకు పిచ్చి లేసిందే" అనుకుంటనే లేచింది. చూడవచ్చిన చుట్టాలను గూడ కూసోనియ్యలే.

ఆయన మాత్రం దినదినం నీరసపడవట్టె. మూడోనాటికి జావ వద్దన్నడు. పక్క గోడ దిక్కు మొఖం తిప్పుకున్నడు. నేను ఇంకా గట్టిగ నిలవడ్డ. కాళ్ళు దిండ్ల లెక్క ఉబ్బినయి.

ఐదోనాడు సూదేయనీకి సిస్టరమ్మ వచ్చింది. గుంటూరు దిక్కామె. "ఏంటమ్మా, మీరు కూడా పేషెంటైపోదామనా? కూర్చోండి!" అన్నది. పటం సంగతి చెప్పిన. ఆమె ఆయన మీదికి వంగి, పటం దిక్కు చూసి ఆగిపోయింది.

"ఇటు రండి. ఆయన తల పక్కన తల పెట్టి చూడండి."

వంగి చూసిన. తల్లి కండ్లు మూసుకొని ఉన్నది.

ఆయన మెల్లగ అన్నడు. "నువ్వు తెచ్చిన కాడికెల్లి తల్లి నా దిక్కు ఒక్కసారి గూడ చూడలేదే. ఇగ నేను బతకననుకున్న. నీకు చెప్తే ఏడుస్తవని చెప్పలే."

పాణం నిలవెట్టనీకి తెచ్చిన పటంతోని ఐదు రోజులు నేనే ఆయన పాణం తోడిన!

సిస్టరమ్మ పటాన్ని కిందికి దించి, ఆయన మొఖానికి సూటిగ పెట్టింది. తల్లి చూసింది. ఆ మాపటికి నాలుగు చెంచాల జావ తాగిండు. బతికిండు. ఆ చేతితోని మళ్ళ మిషన్ మాత్రం ముట్టలే.

ఎన్నేండ్లకో, పెద్దోళ్ళకు చదువు చెప్పే రాత్రి బడిల అక్షరాలు నేర్చుకున్న. ఇంట్ల ముందుగాల కూడబలుక్కొని చదివింది ఆ పటం వెనక రాత. ఏమున్నదో ఎరుకేనా?

"అటూ ఇటూ కదిలి చూడండి."

ఐదు రోజులు కదలకుండ నిలవడ్డదాన్ని నేనే!