తాగని సారా మానేసిన వైనం

నేను పుట్టి బుద్ధెరిగాక సారా చుక్క ముట్టలేదు. అయినా ఒక ఊరు ఊరంతా నన్ను పచ్చి తాగుబోతని నమ్మింది. నమ్మించింది ఎవరో కాదు, నేనే. అదీ చర్చిలో, పాస్టరు అయ్యగారి పక్కన నిలబడి. నా పరువు ఎలా మట్టిలో కలిసిందో చెబుతాను, కాస్త స్థిమితంగా కూర్చోండి.

ఎనభైల నాటి మాట. సత్తెనపల్లి అవతల ఒక మిరప ఊళ్ళో నన్ను మేష్టారుగా వేశారు. పెళ్ళి కాలేదు. అద్దె గది, కిరసనాయిలు స్టవ్వు, ఒక గిన్నె, నేను. కల్లాల్లో కాయలు ఆరబోసిన రోజుల్లో సాయంత్రమయ్యేసరికి ఒకటే తుమ్ములు. తుమ్మితే 'చిరంజీవ' అనే దిక్కు లేదు. నేనే అనుకుని, నాకు నేనే 'థాంక్సండీ' అని చెప్పుకునేవాణ్ణి. నవ్వకండి, బడి వదిలాక నేను మాట్లాడే మాటలు అవే.

ఆదివారం మరీ కష్టం. ఆరాధన అయ్యాక అందరూ పిల్లాజెల్లాతో ఇళ్ళకు పోయేవాళ్ళు. నేను తాళం చెవి తిప్పుకుంటూ గదికి పోయేవాణ్ణి. అయితే ఆ ఊళ్ళో ఒక మంచి అలవాటుండేది. మారుమనసు పొందిన సంగతి లేచి సాక్ష్యం చెప్పినవాణ్ణి ఆ పూట ఎవరో ఒకరు భోజనానికి తీసుకెళ్ళేవాళ్ళు. కోళ్ళు దొంగిలించేవాణ్ణని ఒకాయన ఏడుస్తూ చెప్పాడు. ఆయనకు ఆ పూట కోడికూరే వండిపెట్టారు.

నాకేమో చెప్పుకోవడానికి సాక్ష్యం లేదు. సండే స్కూలు టీచరు కొడుకుని. నేను చేసిన మహాపాపమల్లా ప్రార్థనలో ఒక కన్ను తెరిచి చూడటం. దానికెవరు కూర వండుతారు చెప్పండి?

ఒక ఆదివారం ఉండబట్టలేక లేచాను. కన్ను తెరిచిన సంగతే మొదలెట్టాను. ముందు వరసలో ఆవులింతలు. అంతే, నోరు దానంతటదే తిరిగిపోయింది.

"గుంటూర్లో చదివే రోజుల్లో నేను తాగుబోతుని."

తలలన్నీ ఒక్కసారి లేచాయి.

"పుస్తకాలమ్మి తాగాను. మురిక్కాలవలో పడి తెల్లారేదాకా లేవలేదు. అలాంటి నన్ను ప్రభువు మార్చాడు."

"అయ్యో నాయనా" అని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఆ ఊపులో కాలవ లోతు కూడా చెప్పబోయాను గానీ అయ్యగారు పాట ఎత్తుకున్నారు. ఆ మధ్యాహ్నం సంఘపెద్ద ఇంట్లో వాళ్ళ పిల్లల మధ్య కూర్చుని తిన్నాను. "ఇంకో ముక్క వేసుకో బాబూ" అని ఆ ఇల్లాలు అంటుంటే నాకు నిజంగానే కళ్ళనీళ్ళొచ్చాయి. ఆపైన ప్రతి ఆదివారం ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు.

ఇంతలో మిరపకోతలకు పోయే మరియమ్మ, ఎదిగిన కొడుకు యేసోబుని రెక్క పట్టుకుని నా గదికి తీసుకొచ్చింది.

"కూలి డబ్బులన్నీ సారాకే పోస్తన్నాడు నాయనా. నువ్వెట్టా మానావో ఆ దారేదో ఈడికీ చెప్పు. నాకున్నది ఈడొక్కడే."

అప్పుడే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

సాయంత్రం యేసోబు వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"మానినప్పుడు చేతులు వొణకలేదా మేష్టారూ?"

"వొణికాయి. ఎడం చెయ్యి."

"ఒక్క ఎడం చెయ్యేనా?"

"కుడిచేత్తో రాసుకోవాలి కదా."

అతను నా వంక అదోలా చూశాడు. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. ఉన్న అన్నమే ఇద్దరం తినేవాళ్ళం. నేను తుమ్మితే "చిరంజీవ" అనేవాడు. అతని తాగుడు మాన్పించాల్సినవాణ్ణి, అతని రాక కోసం నేనే గుమ్మంలో కాచుకునేవాణ్ణి.

ఒకరోజు రాలేదు. వెతుక్కుంటూ పోతే సారాకొట్టు పక్కన గోడకానుకుని కూలబడి ఉన్నాడు.

"నువ్వు మానగలిగావు, నావల్ల కావట్లేదు మేష్టారూ" అన్నాడు ఏడుస్తూ. "దేవుడు నిన్ను మార్చాడు. నేనంత పనికిమాలినోణ్ణా?"

నా కోడికూరలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. నేను కాజేసింది కూర కాదు, ఈ మనిషి ధైర్యమని అప్పుడు తెలిసింది. అతన్ని ఇంటికి చేర్చాను.

ఆదివారం మళ్ళీ లేచాను.

"నేనెప్పుడూ తాగలేదండీ. ఒంటరిగా తినలేక అబద్ధం చెప్పాను. మారుమనసు నాకే కావాలి. యేసోబూ, నువ్వు ఓడిపోయింది దేవుడి దగ్గర కాదు, నా అబద్ధం దగ్గర."

సంఘపెద్ద తన కోళ్ళను లెక్కేసుకుంటున్నట్టు చూశాడు. చివరికి మరియమ్మ లేచింది. తిడుతుందనుకుని తల దించుకున్నాను.

"నలుగురితో కూర్చుని ఇంత తినాలనుంటే అడగొచ్చుగా నాయనా. దానికి అంత సారా తాగాలా?"

అందరూ ఘొల్లుమన్నారు. వెనక గోడ దగ్గర అందరికన్నా గట్టిగా నవ్వింది యేసోబు. ఆ పూట మరియమ్మ ఇంట్లో గోంగూర పచ్చడితో అన్నం. ఎంగిలి చెయ్యి కడుక్కుంటూ యేసోబు నా చెవిలో అన్నాడు.

"ఎడం చెయ్యి అన్నప్పుడే అనుమానమొచ్చింది మేష్టారూ. కానీ నాతో కూర్చునేవాళ్ళు మాత్రం ఎవరున్నారు? అందుకే నమ్మాను. ఈసారి ఇద్దరం నిజంగా మానేద్దాం."

అతను మానడానికి చాలా కాలం పట్టింది. పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. పడ్డ ప్రతిసారీ నా చాప మీదికే వచ్చాడు.

కాబట్టి చదువరులారా, మీ అందరి ఎదుట కుడిచెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఎడం చెయ్యి వణుకుతోంది, దాన్ని నమ్మకండి. ఇకమీదట ఆకలేస్తే ఆకలంటాను, ఒంటరిగా ఉంటే ఒంటరిగా ఉన్నానంటాను. ఆ తాగని సారాని మాత్రం జన్మలో మళ్ళీ మానను.