ఆ రంపం ఆయన ఏరింది కాదు

పోయిన మంగళవారం చిత్తూరు నుంచి మా పిన్నమ్మ కొడుకు తిరుపతికి వచ్చి, చెప్పులు విడుస్తూనే చెప్పాడు: "అక్కా, రంపాల తాత పోయినాడు." నేను లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాను. వాడు అంతటితో ఆగి ఉంటే ఇది రాసేదాన్ని కాదేమో. నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, "పాపం, తాను ఏరిన రంపమే తన చేతిని తినింది గదా. ఆ దిగులుతోనే పోయినాడని అందరూ అంటుండారు" అన్నాడు.

అబద్ధం. ఏడేళ్లుగా చిత్తూరుకూ మా ఊరు బంగారుపాళ్యానికీ మధ్య తిరుగుతున్న అబద్ధం. మనిషి చనిపోయిన రోజున కూడా దానికి సిగ్గు లేకపోయింది. ఆ రంపాన్ని ఆయన ఏరలేదు. ఏరినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

ఆయనది చిత్తూరులో బజారు వెనక సందులో రేకుల కప్పు వేసిన కొట్టు. లోపల తెర కట్టుకుని, ఆ వెనకే కాపురం. వడ్రంగుల చేతిరంపాల నుంచి ఇద్దరు చెరో పక్క నిలబడి లాగే పెద్ద రంపాల దాకా అన్నిటికీ పదును పెట్టేవారు. పెద్దవాళ్లు సాయిబు అనేవాళ్లు, పిల్లలం రంపాల తాత అనేవాళ్లం. రంపం చేతికిస్తే వెంటనే పళ్లు రాసే ఇనుప ఆకురాయి తీసేవారు కాదు. "ఏం కట్టె కోస్తావప్పా దీంతో?" అని అడిగేవారు. మామిడికి ఒక పదును, చింతకు ఒక పదును. ఆ తర్వాత "ఎవురు కోసేది?" అనేవారు. ఆ రెండో ప్రశ్నకు నవ్వేవాళ్లు చాలామంది. వాళ్లకు ఆయన జవాబు ఒకటే: "సూడాల్సింది చెట్టును గాదప్పా. రంపం పట్టుకునే చేతిని సూడాల." ఎవరైనా ఆడమనిషి కత్తిపీట పట్టుకుని వస్తే, వడ్రంగుల పని పక్కన పెట్టి ముందు దాన్ని చేసిచ్చేవారు. వాళ్లు గొణిగితే, "ఆయమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చుంటాది, మీరేం పెట్టొచ్చినారు?" అనేవారు.

నేను తిరుపతిలో బి.ఏ. చివరి సంవత్సరం చదువుతుండగా, కార్తీకంలో వచ్చిన గాలివానకు బంగారుపాళ్యంలో మా తోపులోని పదకొండు మామిడిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. వంకరలేని మానులు అమ్ముడుపోయాయి. మిగిలినవన్నీ ఇంటి పొయ్యికే. వాటిని గొడ్డలితో కొట్టించబోతే, ఒక్కో మొద్దు ఇద్దరు మనుషులకు ఒక పగలంతా పట్టింది. అప్పుడు నాయనకు ఎవరో మోటారు రంపం సంగతి చెప్పారు. ఒకరు వాడి అమ్మేసినవి మద్రాసులో చౌకగా దొరుకుతాయన్నారు.

నాయన రంపాల తాతను పిలిపించాడు. ఆయన మొద్దుల చుట్టూ తిరిగి చూసి, "ఇంటి కట్టెలకు మోటారు దేనికప్పా? ఇద్దరు లాగే రంపానికి పదును పెట్టిస్తా. నెల దినాల్లో అయిపోతాది" అన్నారు.

"కాలం మారింది సాయిబూ. నువ్వు రా, మంచిది ఏరియ్యి" అన్నాడు నాయన. యంత్రం మీది ఇంగ్లీషు చదవడానికి నన్ను కూడా రమ్మన్నాడు.

మద్రాసు కొట్లో మూడు రంపాలు చూపించారు. తాత ఒక్కొక్కదాన్నీ ఎత్తి, చేతులు చాచి, చాలాసేపు అట్లాగే పట్టుకున్నారు. "కొట్లో బరువు తెలీదు పాపా. మధ్యాన్నానికి తెలుస్తాది" అన్నారు నాతో. పిడి వదలకుండా బొటనవేలితో మోటారు ఆపవచ్చో లేదో చూశారు. కట్టెను కోసే పళ్ల గొలుసు అరిగితే ఇంకొకటి దొరుకుతుందా అని కొట్టువాణ్ణి రెండుసార్లు అడిగారు. చివరికి అన్నిటికంటే చిన్నదాన్ని ముందుకు జరిపారు. గొలుసు చుట్టూ తిరిగే దాని ఇనుప పట్టీ మూరెడు కంటే ఎక్కువ లేదు. పిడి ముందు చేతికి అడ్డంగా ఒక రేకు ఉంది. రంపం ఎగిరిపడి చెయ్యి ఆ రేకుకు తగిలితే గొలుసు అక్కడికక్కడే ఆగిపోతుంది.

"ఇది సాలప్పా. మొద్దు లావుంటే ఈ పక్క సగం, ఆ పక్క సగం కోస్తాం."

నాయన చూపు అప్పటికే పెద్దదాని మీద ఉంది. చిన్నదానికి రెండింతలు ఉంది, అయినా దానికంటే చౌక. ఎందుకు చౌకో అందరికీ కనిపిస్తూనే ఉంది. దానికి అడ్డురేకు లేదు. ఊడిపోయిన చోట రెండు రంధ్రాలు మిగిలాయి. దాంతో ఇచ్చిన చిన్న పుస్తకం నేను తెరిచాను. రెండో పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉంది. "నాయనా, అడ్డురేకు లేకుండా దీన్ని నడపకూడదని రాసుండాది" అన్నాను.

"పుస్తకాల్లో అట్లే రాస్తారులే."

తాత నాయన చెయ్యి పట్టుకున్నారు. "అప్పా, ఇది వొద్దు. వాడు రేకు తీసేసినాడు, దాంతోబాటు ధరా తగ్గించినాడు. ఆ తగ్గింది ఎవురో ఒకరం ఇచ్చుకోవాల్సిందే."

ఈ మాట నేను నా చెవులతో విన్నాను. నాయన కూడా విన్నాడు. విని, పెద్దదే కొన్నాడు.

మొద్దులు కోసే రోజున బంధువులు, పక్క తోపులవాళ్లు యంత్రం చూడ్డానికి వచ్చారు. తాత పొద్దున బస్సుకే వచ్చి నాయనను పక్కకు పిలిచారు. "నాలుగు దినాలు ఆగప్పా. మా ఈదిలో కమ్మరి ఉండాడు, రేకు కొలత తీసి చేయిస్తా. అంతదాకా దీన్ని ఎవురూ ముట్టుకోవొద్దు."

"ఇంతమందిని పిలిచి, ఇప్పుడు పొండని చెప్పమంటావా? నీకు భయమైతే వీడు కోస్తాడు" అంటూ నాయన మా సేద్యగాణ్ణి చూపించాడు. వాడికి పెళ్లయి ఆరు నెలలు కూడా కాలేదు. జీవితంలో మోటారు ముట్టినవాడు కాదు. అయినా నాయన మాట కాదనలేక ముందుకు వచ్చాడు.

తాత వాణ్ణి చేత్తో వెనక్కి నెట్టారు. "నువ్వు దూరం పోరా" అని, రంపం తానే అందుకున్నారు.

రెండు మొద్దులు బాగానే తెగాయి. జనం చప్పట్లు కొట్టారు. మూడోదాని వెనక, ఆకుల కింద, కనిపించని కొమ్మ ఒకటి ఉంది. పట్టీ కొన దానికి తగిలింది. రంపం పైకి లేచి ఆయన మీదికే తిరిగింది. పిడి మీది ఎడమచెయ్యి ముందుకు జారింది. అడ్డురేకు ఉండాల్సిన చోట ఏమీ లేదు. మూడు వేళ్లు పోయాయి. జీపులో ఆసుపత్రికి తీసుకుపోతుంటే, మా అమ్మ చీరచెంగుతో చుట్టిన ఆ చేతిని గుండెకు అదుముకుని, "ఆ పిల్లోనికి ఏం కాలేదు గదా?" అని అడిగారు. ఆయన అడిగింది అదొక్కటే.

నేను చెప్పాల్సింది ఆ తర్వాతి సంగతి. మూడో రోజు మా అరుగు మీద కూర్చుని నాయన పదిమందితో అన్నాడు: "యంత్రాల సంగతి నాకేం తెలుసప్పా? ఆ సాయిబే ఏరినాడు." నేను కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. గ్లాసులు పంచి లోపలికి వెళ్లిపోయాను. నా చదువు, నా హాస్టలు అన్నీ నాయన దయ మీదే నడుస్తున్నాయని అప్పట్లో నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఇప్పుడు అట్లా చెప్పుకోను. అది పిరికితనం.

ఆ మాట అరుగు దిగి బస్సెక్కి చిత్తూరు చేరింది. వద్దన్న మనిషే కొనిపించినవాడయ్యాడు. మంచి రంపమేదో చెప్పలేనివాడు మన రంపాలకేం పదును పెడతాడని చాలామంది వడ్రంగులు వేరే కొట్లు వెతుక్కున్నారు. రేకు తీసి అమ్మినవాణ్ణి ఒక్కరూ తిట్టలేదు. కొన్నవాణ్ణి ఒక్కరూ అడగలేదు. ఊరి కోపమంతా వేళ్లు పోగొట్టుకున్నవాడి మీదే పడింది. ఇదేం న్యాయమో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఉద్యోగం వచ్చాక ఒకసారి ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. "నిజం నువ్వెందుకు చెప్పలేదు తాతా?" అని అడిగాను. ఆయన నాకు టీ తెప్పించి అన్నారు: "నేను జెప్తే సాకంటారు పాపా. నువ్వు జెప్తే సాక్ష్యమంటారు." గొంతులో కోపం లేదు. వెంటనే మా అమ్మ ఆరోగ్యం అడిగారు. నేను తల వంచుకుని టీ తాగి వచ్చేశాను. ఆ తర్వాత కూడా నాలుగేళ్లు నోరు విప్పలేదు.

మొన్న శుక్రవారం చిత్తూరు వెళ్లాను. వెళ్లే ముందు బంగారుపాళ్యంలో దిగి నాయనతో చెప్పాను, అందరికీ చెప్పబోతున్నానని. "పోయినోడి సంగతి ఇప్పుడెందుకు మ్మే?" అన్నాడు. "పోయినోడి సంగతి గాదు, మన సంగతి" అన్నాను. నాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇది అచ్చయితే ఒక ప్రతి ఆయనకూ పంపుతాను.

తాత కొట్టు ముందు బెంచీ మీద పలకరింపుకు వచ్చిన నలుగురు వడ్రంగులు కూర్చుని ఉన్నారు. నిలబడే చెప్పాను. మద్రాసు కొట్టు, రెండు రంధ్రాలు, పుస్తకం, నాయన అన్నది, తాత అన్నది, అన్నీ. ఒకాయన తల మీది తువ్వాలు తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "ఏడేండ్లు యాడున్నావు తల్లీ?" అన్నాడు. నేను చెప్పులు విడిచి కొట్టు లోపలికి వెళ్లాను.

లోపల తెర వెనక ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. మొగుడు పోయి పది రోజులు కాలేదు, బయటికి రాకూడదు. ఆమె ముందు రెండు చెక్కల మధ్య బిగించిన రంపం ఒకటి ఉంది. సగం పళ్లు మెరుస్తున్నాయి, సగం నల్లగా ఉన్నాయి. వేళ్లు పోయినప్పటి నుంచి ఆకురాయి పిడి ఆయన పట్టుకుంటే, ఎదురుగా కూర్చుని కొన తాను పట్టుకునేదాన్నని చెప్పింది. ఏడేళ్లు అట్లాగే పని జరిగిందట. బయట ఎవరికీ తెలియదు.

"బయట నువ్వు జెప్పింది ఇన్నాను" అంది. ఆకురాయి పిడి తాను పట్టుకుని, కొన నా వైపు చాపింది. నేను ఎదురుగా కూర్చుని రెండు వేళ్లతో పట్టుకున్నాను. ఒక్క పన్ను దాటగానే కొనను గట్టిగా కిందికి అదిమాను.

"అదమాకు పాపా" అందామె. "ఊరికే దోవ సూపియ్యి, సాలు."

ఇనుప రజను ఆమె తెల్లచీర మీద సన్నగా రాలుతూ ఉంది.