వానలో మంచు యంత్రం

ఆ రోజు సినిమా షూటింగ్ కోసం మంచు తోసే యంత్రాన్ని ట్రాలీ ఆటోలో ఫిల్మ్‌నగర్‌కు తీసుకెళ్తున్నాను. వెనక నడుస్తూ నెట్టే రకం అది. చలిదేశంలా వేసిన సెట్టులో హీరో దాన్ని నడపాలి. కళా విభాగంలో నా ఒక్కడికే అప్పగించిన తొలి పని అది. రహమత్ నగర్ దగ్గర సన్నగా వాన మొదలైంది. చెయ్యెత్తిన ఒక పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకున్నాను.

జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుంటే కట్టిన తాడు వదులై యంత్రం పక్కకు పడిపోయింది. ఆటో ఆపి, యంత్రాన్ని నిలబెట్టి, స్టార్ట్ చేసి చూశాను. ఉలుకూ పలుకూ లేదు. స్పార్క్ ప్లగ్గు విప్పితే, పక్కకు పడినప్పుడు చేరిన ఆయిల్ నిండా ఉంది. తెరిచిన ఇంజిన్‌లో వానచుక్కలు పడతాయేమోనని కంగారుగా అరచేయి అడ్డుపెట్టాను.

ఆవిడ దిగి వచ్చి తన గొడుగు ఇంజిన్ మీద పట్టింది.

"మీరు తడిసిపోతున్నారమ్మా."

"నేను తడిస్తే ఆరుత బిడ్డా. గిది తడిస్తే నీ పని ఆగదా? ఇంతకీ ఏం మిషిన్ ఇది?"

"మంచు తోసేదమ్మా."

"మన హైదరాబాద్‌ల మంచా?" అని పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కంగారు ఎప్పుడు పోయిందో తెలియలేదు.

లోపల చేరిన ఆయిల్ బయటికి పోనిచ్చి, ప్లగ్గు తుడిచి బిగించాను. ఈసారి బోలెడు తెల్లటి పొగ వదిలి ఇంజిన్ అందుకుంది.

"గట్లుండాలె!" అందావిడ. యంత్రాన్ని మళ్లీ గట్టిగా కట్టి బయల్దేరాం. చెక్‌పోస్టు దగ్గర దిగి, తడి కొంగు పిండుకుంటూ వెళ్లిపోయింది. నేను ఆవిడ పేరైనా అడగలేదు.

షూటింగ్ సజావుగా జరిగింది. తెర మీద ఆ దృశ్యం వచ్చినప్పుడు అందరూ హీరోను చూస్తారు. నాకు మాత్రం తడుస్తూ నవ్విన ఆవిడే కనిపిస్తుంది.