మా దాదీ పట్టిన దీక్ష

మా దాదా, అంటే తాత, జానీమియా గార్ల ఊళ్లో దర్జీ. మసీదుకు దగ్గరి దారి ఉండగా చుట్టూ తిరిగి పోయేవాడు. దగ్గరి దారిలో సూదులేసే యోసేపు డాక్టర్ ఇల్లుంది; చుట్టుదారిలో మిఠాయి దుకాణముంది. ఆయనకు షుగరు. కుడికాలి బొటనవేలు పుండుపడితే, కుట్టుమిషన్‌ను ఎడమకాలితో తొక్కడం నేర్చుకున్నాడు గానీ యోసేపు ఇంటికి పోలేదు. ఆ తెలివి నాకుంటే పదో తరగతి ఫెయిలయ్యేదాన్ని కాదు.

సకల జనుల సమ్మెలో మిఠాయి దుకాణం మూతపడింది. దాదా ఇంట్లో అందరి మీదా అరిచి, చివరికి బస్టాండు దగ్గర రిలే దీక్ష టెంటులో కూర్చున్నాడు. పొద్దుగూకగానే అరుణ టీచర్ చక్కెర దండిగా వేసిన నిమ్మరసం తాగించి దీక్ష విరమింపజేసేది. మనిషికో రోజు వంతు. మా దాదా మాత్రం అందరి వంతూ తానే కూర్చునేవాడు.

ఒకరోజు పొద్దున మా దాదీ హాజిరా బీ కాలికట్టు విప్పి చూసింది. వేలు నల్లబడింది. నోటికొచ్చినట్టు తిట్టింది. అయినా ఆయన కుంటుకుంటూ టెంటుకే పోయాడు. దాదీ వెనకే పోయి పక్కన కూర్చుంది. నేనూ వెంట పోయాను.

సాయంత్రం టీచర్ ఇచ్చిన గ్లాసును దాదీ పక్కకు నెట్టింది.

"నాకొద్దు బిడ్డా. నా డిమాండ్ వేరే ఉన్నది."

"ఏంది అవ్వా?"

"గీ ముసలాయన దవాఖానకు పోవాలె. రేపు తెలంగాణ వస్తది, గీయనకు కాలుండదు!"

జనం నవ్వారు. దాదా మండిపడ్డాడు.

"నా ఇజ్జత్ తీస్తున్నవ్! ఇంటికి నడువ్."

"నువ్వు నడిచి చూపియ్, కుడికాలు మోపి. సర్కారుకు భయపడవు, సూదికి భయపడతవ్. మైకుల చెప్పు జర!"

దాదా ముఖం తిప్పుకున్నాడు. దాదీ పెదవులు ఎండిపోయాయి, కళ్లు తిరిగి నా భుజం పట్టుకుంది. ఆమెకు బీపీ. నాకు ఒళ్లు మండింది.

"దాదా, నువ్వు తాగినవ్ గదా తియ్యగా!" అని అరిచాను.

ఆయన ఖాళీ గ్లాసును నేలకేసి కొట్టి, జనంలో ఉన్న ఆటో డ్రైవరును కేకేశాడు.

"తావుర్యా, ఆటో తియ్!"

మహబూబాబాద్ దవాఖానలో వేలు తీసేశారు, కాలు దక్కింది. ఆ కోపానికి దాదా చాలా రోజులు దాదీతో మాట్లాడలేదు. ఆమె బతిమాలలేదు. రోజూ పొద్దున యోసేపును ఇంటికే పిలిచి, సూది పడేదాకా దాదా చెయ్యి కదలకుండా పట్టుకునేది.