సలోమి మేడం వెనక గదికి రెండో రూటరు

మొన్న మా ఇంట్లో ఇంటర్నెట్ వైరు మార్చవలసి వచ్చింది. పాతది లాగేసి కొత్తదాని కొసను రూటరు వెనకనున్న గుంటలోకి తోశాను. టిక్‌మని చిన్న చప్పుడు వచ్చింది. వైరు సరిగా కూర్చుందని చెప్పే చప్పుడు అది. వింటే మనసు నిమ్మళించాలి. నేను మాత్రం వైరు వదలకుండా పట్టుకుని ఉండిపోయాను. ఆ చప్పుడుతోపాటు కావలిలో మా పక్కింటి వెనక గదీ, మంచం మీద కదలకుండా పడుకుని నా చేతుల వైపే చూస్తున్న సలోమి మేడమూ కళ్లముందుకు వచ్చారు.

ఆవిడను ఎరగనివాళ్లకు కాస్త వెనక నుంచి చెప్పాలి. సముద్రానికీ బకింగ్‌హాం కాలువకూ మధ్య ఇసుక మీద ఒక పాలెం ఉంది. అందరూ చేపల వేటకు పోయే కుటుంబాలే. లెక్కల మాస్టారుగా నా మొదటి ఉద్యోగం అక్కడి బడిలో. అప్పటికి ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. పాలెంలో అందరికీ టీచరమ్మ, మాకు మేడం. గంజి పెట్టిన నూలుచీర, మణికట్టుకు లోపలి వైపు తిప్పి పెట్టుకున్న గడియారం. గొంతు పెంచగా నేను వినలేదు. కోపం వస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడేవారు. మాకు అదే ఎక్కువ భయం.

నేను చేరిన ఏడాది కార్తీకంలోనే తుఫాను వచ్చింది. పాలెంలో స్లాబు ఉన్నది బడికి ఒక్కదానికే. మధ్యాహ్నానికి ఊరంతా బడిలోకి చేరింది. మేడం ముందు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కుటుంబానికొక చీటీ ఇస్తున్నారు. చీటీ మీద ఒక నంబరు. గదుల్లో నేలమీద సుద్దతో గీసిన గడుల్లో ఆ నంబరు ఎక్కడుంటే అక్కడ వాళ్ల చోటు, అన్నం వచ్చేదీ ఆ నంబరుకే. గాలి పెరిగేకొద్దీ వెనక తలుపు దగ్గరా జనం గుమికూడారు. మా డ్రిల్లు మాస్టారు మంచివాడు, ఉత్సాహం ఎక్కువ. ఆడవాళ్లు తడుస్తున్నారని ఆయన కూడా కాగితాలు చింపి, ఒకటి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇవ్వసాగాడు. కాసేపటికి ఒకే గడి దగ్గర రెండేసి కుటుంబాలు, రెండు చేతుల్లోనూ అదే నంబరు. మాటా మాటా పెరిగింది. ఒక ముసలామె మాకు చోటు లేకపోతే పోతాంలెమ్మని మనవరాలిని చంకనేసుకుని వెనక తలుపులోంచి ఆ గాలిలోకి దిగిపోయింది.

బయట ఇసుక రేగి కళ్లు తెరవనివ్వడం లేదు. మేడం కొంగు నడుముకు దోపుకుని వెళ్లారు. మేం కొందరం వెనక పరిగెత్తాం. ముందు నడుస్తున్న మనిషి వీపు కూడా కనబడని ఆ కాసేపు వాళ్లు దొరుకుతారని నేననుకోలేదు. వలలు దాచుకునే కొట్టం గోడచాటున దొరికారు. పిల్లను మేడమే ఎత్తుకొచ్చారు. డ్రిల్లు మాస్టారు తల వంచుకుని నిలబడితే ఆవిడ తిట్టలేదు. తల తుడుచుకుంటూ, "పంచే చెయ్యి ఒకటే ఉండాలయ్యా. మోసే చేతులు ఎన్నయినా ఉండనీ. నువ్వు మోసుంటే నాకు ఇంకో చెయ్యి అయ్యుండేవాడివి. పంచబట్టి నా చెయ్యి కూడా పనికిరాకుండా పోయింది" అన్నారు. ఆ రోజు డైరీలో తుఫాను గురించి రాసింది తక్కువ. ఈ మాట మాత్రం రాసుకున్నాను.

ఆ తరువాత చాలా బడులు తిరిగి రిటైరై నేను కావలిలో ఇల్లు కట్టుకుంటే, పక్కింట్లో అప్పటికే మేడం ఉన్నారు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. వంటకూ తోడుకూ రాహేలు అనే ఆవిడ ఉండేది. ఎనభై దాటాక మేడం స్నానాల గది దగ్గర జారిపడ్డారు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. వెనక గదిలో మంచం వేసి, మేమే చెప్పేదాకా కదిలించవద్దని డాక్టర్లు చెప్పి పంపారు.

సరిగా అప్పుడే పాలెం బడి సంగతి వచ్చింది. పిల్లలు తక్కువయ్యారని దాన్ని ఎత్తేసి కాలువ అవతలి ఊరి బడిలో కలపాలని పై అధికారులు ఆలోచిస్తున్నారు. కాలువ మీద ఉన్నది చప్టా. వానాకాలం నీళ్లు దాని మీదుగా పారతాయి. ఐదారేళ్ల పిల్లలు రోజూ దాన్ని దాటాలి. తల్లిదండ్రుల కమిటీకి పెద్దగా ఉన్నది పోలమ్మ, మేడం దగ్గర చదువుకున్న పిల్లే. ఇప్పుడు ఆమె పిల్లలు అదే బడిలో ఉన్నారు. అధికారులు వీడియోలో విచారణ పెట్టి అందరి మాటా వింటామన్నారు. టీచరమ్మ కూడా మాట్లాడితే తప్ప మా మాట లెక్కచేయరని పోలమ్మ ఫోనులో ఏడ్చింది. మేడం సరేనన్నారు. మూడు రోజులు పడుకునే చెబుతుంటే నేను కాగితం మీద పెట్టాను. నాలుగు పేజీలయింది.

చిక్కల్లా నెట్ ఆ గదిదాకా రాకపోవడం. రూటరు ముందు హాల్లో ఉంది. మధ్యలో పాతకాలపు రాతిగోడలు రెండు. సెల్ సిగ్నలు అక్కడ మాటకు చాలుతుంది గానీ బొమ్మకు చాలదు. మంచం తలుపులోంచి పట్టదు. నా దగ్గర పాత రూటరు ఒకటి మూలన పడి ఉంటే దాన్ని తెచ్చాను. హాల్లో ఉన్నదాని నుంచి గోడ వెంబడి వైరు లాగి వెనక గదిలో రెండోది బిగించాను. ఇది ఏం చేస్తుందని మేడం అడిగారు. లోపలికి వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక నంబరు ఇస్తుంది మేడం, ఆ నంబరుంటేనే నెట్‌లో దానికి చోటు అని చెప్పాను. సాయంత్రం ఆవిడ ఫోనులో బొమ్మ చక్కగా వచ్చింది. ఇంటికి పోయి డైరీలో పని పూర్తయిందని రాశాను.

మర్నాడు పదకొండుకు విచారణ. పొద్దున కరెంటు పోయి వచ్చింది. దాంతో అంతా కలగాపులగమైంది. మేడం ఫోను నెట్ తగిలిందంటుంది, బొమ్మ మాత్రం రాదు. రాహేలు తన ఫోను పట్టుకొచ్చి చూపించింది. నిన్నటిదాకా హాల్లో బాగా పనిచేసింది కూడా ఇప్పుడు ఆగిపోయింది.

"అన్నా, నిన్న ఒక గదిలోనే రాకుండా ఉండె. ఇయ్యాల ఇల్లంతా రాకుండా చేసినావు" అంది.

రెండూ ఆపాను. రెండూ పెట్టాను. ఒకసారి వచ్చినట్టే వచ్చి పోయింది. ఒక్కో అడుగూ కాగితం మీద రాసుకుని చేసే మనిషిని, ఏ అడుగు దగ్గర ఉన్నానో తెలియలేదు. పోలమ్మ రాహేలుకు మామూలు ఫోను చేసి టీచరమ్మ వచ్చిందా అని అడుగుతోంది. బడిలో అందరూ కూర్చున్నారట. వైరు పీకి మళ్లీ పెట్టాను. టిక్‌మంది. ఏమీ మారలేదు. రెండోదాన్ని తీసి అవతల పడేద్దామంటే వెనక గదికి నెట్టే లేదు. నేను వైరు మళ్లీ పీకబోవడం మేడం చూశారు.

"రమణయ్యా, నంబర్లు ఇచ్చేది ఇదా, హాల్లో ఉండేదా?"

"రెండూ ఇస్తాయి మేడం" అన్నాను. అనగానే నా నోట్లో మాట నాకే వినబడింది.

రెండోదాని వైరు తీసి, నా ఫోనును దానికొక్కదానికే తగిలించి దాని సెట్టింగుల పేజీ తెరిచాను. నంబర్లు పంచే పని దానికీ ఆన్‌లోనే ఉంది. పైగా దాని సొంత నంబరు కూడా హాల్లో ఉన్నదాని నంబరే. కంపెనీ నుంచి వచ్చినప్పుడు అన్నీ అంతేనట, నేను చూసుకోలేదు. సొంత నంబరు మార్చి, పంచడం ఆపేశాను. ఇక అది ఇవతలిది అవతలికి మోయడమే. వైరు పెట్టి రెండూ మళ్లీ వెలిగించాను. రాహేలు తలగడ ఎత్తు సరిచేస్తుండగా మేడం ఫోనులో అధికారి ముఖం వచ్చింది. విచారణ అప్పటికే మొదలైంది.

తెర మీద మరో గడిలో పాలెం బడి. పోలమ్మ నిలబడి ఉంది. పలకరింపులయ్యాక అధికారి చెప్పండి అన్నాడు. మేడం మొదలుపెట్టారు, అదే క్షణంలో పోలమ్మా మొదలుపెట్టింది. రెండు గొంతులూ కలిసి ఏదీ వినబడలేదు. అధికారి నొసలు చిట్లించి, మేడం గారూ ముందు మీరే కానివ్వండి అన్నాడు. నేను నాలుగు పేజీలు ఆవిడ కళ్లముందు పట్టుకుని ఉన్నాను. మేడం నా చెయ్యి పక్కకు జరిపారు.

"ఆమె చెప్తుంది సార్. ఆమె బిడ్డలు ఉండేది ఆ బళ్లో."

పోలమ్మ చెప్పసాగింది. పాలెంలో సిగ్నలు అంతంత మాత్రం. రెండు మాటలు రాగానే తెగిపోయింది. మాకు ముక్కలు ముక్కలుగా అందుతోంది, అధికారికి అదీ లేదు, వినబడడం లేదని చేత్తో సైగ చేస్తున్నాడు. ఇంతలో రాహేలు తన ఫోనులో పోలమ్మకు మామూలు కాల్ కలిపి మేడం చెవి దగ్గర పెట్టింది. మేడం కళ్లు మూసుకుని విన్నారు. విన్నది విన్నట్టు చెప్పడం మొదలుపెట్టారు.

"పోలమ్మ చెప్తా ఉంది సార్. నీళ్లొస్తే చప్టా కనపడదంట. మొగోళ్లు యాటకి పోయుంటారు, ఆడోళ్లం రొయ్యల షెడ్డుకి పోయుంటాం. బిడ్డల్ని దాటించేదెవురు అంటా ఉంది."

తన జీవితమంతా పిల్లల నోట 'యాట'ను 'వేట'గా, 'ఎవురు'ను 'ఎవరు'గా దిద్దిన మనిషి ఆవిడ. ఆ రోజు ఒక్క మాటా దిద్దలేదు. పోలమ్మ ఆగిన చోట ఆగారు. పోలమ్మకు ఏడుపు వస్తే, "ఏడుస్తా ఉంది సార్, ఆగండి" అని అధికారిని కూడా ఆపారు. నేను పక్కన నిలబడి తుఫాను మాట చెప్పండి, పేజీలో ఉంది అని సైగలు చేశాను. చూడలేదు. చివరికి అధికారి, మేడం గారూ ఇంతకూ మీ అభిప్రాయం ఏమిటని అడిగాడు. పోలమ్మ మాట ఇంకా అయిపోలేదని చెప్పి ఫోను మళ్లీ చెవికి ఆనించుకున్నారు. ఆ తరువాత అధికారులకు సమయం లేకపోయింది.

తెర ఆరిపోయాక నాకు కోపమే వచ్చింది. మూడు రోజుల శ్రమ నా చేతిలో అలాగే ఉంది.

"మీ మాట ఒక్కటి కూడా పోలేదు మేడం" అన్నాను.

"నా మాట వాళ్లు చానా ఏళ్లు విన్నార్లే. ఆ పిల్ల మాట పోవాల. పోయిందా?"

"పోయింది."

"అయితే కాఫీ పెట్టమను."

కాలువ మీద వంతెన కట్టేదాకా బడి అక్కడే ఉంటుందని కొన్నాళ్లకు పోలమ్మ ఫోను చేసి చెప్పింది. తరువాతి వానలు రాకముందే మేడం వెళ్లిపోయారు. వంతెన ఇంకా కట్టలేదు. బడి ఉంది.

ఇప్పుడు పాలెం వాళ్లు ఏ మీటింగుకైనా నన్ను తోడు రమ్మంటారు. మాస్టారూ మా తరఫున మీరు చెప్పండి అంటారు. చెబుతాను. ముందు ఆ మాట ఎవరిదో ఆ మనిషి పేరు చెబుతాను. వాళ్లు ఎలా అన్నారో అలాగే అంటాను. వాళ్లు ఆపిన చోట ఆపేయాలి. అదే కష్టం. ఇంకొక్క వాక్యం కలిపితే ఎంత బాగుంటుందో అని ప్రతిసారీ నాలుక చివరికి వస్తుంది. మంచి వాక్యమే వస్తుంది. దాన్ని మింగి, ఎదుటివాళ్లు ఏమంటారో వినడానికి ఎదురుచూస్తూ కూర్చుంటాను.