జారిన దవడ, ఒడిలో కోడి

"ఆ పెట్ట మీద చెయ్యేస్తే మంచిగుండది అత్తా, చెప్తున్న!"

"పోచమ్మకు మొక్కిన పెట్ట నీదెట్లయితదే?"

"మొక్కింది నువ్వు, గింజలేసి పెంచింది నేను. గుడ్లు పెట్టే కోడిని కోసుకునేటోళ్లు ఏ దేశంల ఉన్నరు?"

"అమ్మకు ఇయ్య చెయ్యి రాదు గని మాటలు మస్తుగొస్తయి. నీ నోరు పడిపోను!"

"పడితే పడనియ్! నా పెట్టను మాత్రం ఇయ్యా...!"

మా ఊరు ఎల్లారెడ్డి ఈ కొస నుంచి ఆ కొస దాకా వినపడాలని నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగండి. ఆ ఒక్క కేకతో నేను దేవతనయ్యాను, రోగినయ్యాను, కామారెడ్డి దారిలో ఉన్న ఊళ్లన్నిటికీ తమాషానయ్యాను. ఇదంతా నిజాం రాజ్యం నాటి మాట, పెద్ద లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, ఇంకా మొదలు కాలేదు. నేను కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. కానీ గొంతు మాత్రం అప్పటికే ముసలిదాని గొంతు.

చెవుల పక్కన రెండు వైపులా 'టప్'మంది. కింది దవడ ముందుకొచ్చి, తెరిచిన సొరుగులా అక్కడే నిలిచింది. మూద్దామంటే మూతపడదు. మాట్లాడదామంటే నాలుక ఉంది గానీ దానికి తగిలే పళ్లు దగ్గర్లో లేవు. చొంగ ధారగా కారుతోంది. కణతల దాకా నొప్పి. లోపల తిట్లన్నీ వరుసగా నిలబడి ఉన్నాయి, బయటికి మాత్రం "ఆఁ... ఆఁ..." తప్ప ఏమీ రాదు.

మా అత్త చేతిలో కత్తి జారి కింద పడింది. ఆమె తిట్టిన తిట్టు తగిలిందేమోనని ఒక ఘడియ ఆమెకే భయమేసింది. నా ముఖంలోకి చూసింది. గుడ్లు తేలేసిన కళ్లు, విరబోసుకున్న జుట్టు, మూయని నోరు, కారే చొంగ. శ్రావణమాసం, పోచమ్మ పండుగ పొద్దు. ఇంకేం కావాలి?

"వామ్మో! పోచమ్మ తల్లి ఒంటి మీదికొచ్చింది!" అని మా అత్త నా కాళ్ల మీద సాగిలపడింది.

చదువరులారా, కోడలి కాళ్ల మీద అత్త పడటం నేను ఆనాడు తప్ప మళ్లీ చూడలేదు. 'అత్త లేని కోడలు ఉత్తమురాలు' అంటారు. నన్నడిగితే దవడ లేని కోడలు ఉత్తమురాలు.

ఘడియలో వాకిలి నిండింది. ఒకామె నా నొసట పసుపు మెత్తింది. ఒకామె చేతిలో వేపమండ పెట్టింది. ఇంకొకామె చెంబెడు బెల్లం నీళ్లు, అమ్మవారికి పోసే సాక, నా నోట్లోకే పోసింది. నోరు ఎట్లాగూ తెరిచే ఉంది కదా. మింగడం చాతకాక సగం నీళ్లు రవికె తాగింది. నాకు ప్రాణం గిలగిలలాడింది, బెల్లం పోయిందని.

"తప్పయింది తల్లీ," అంది మా అత్త చేతులు జోడించి. "నోరు తెరిచినవ్ గదా, ఏం కావాలెనో కోరుకో. కోడిస్త, కల్లు పోస్త."

అంటూనే గంప కింది పెట్టను తీసింది. నా పెట్ట! నేను గెంతి దాన్ని లాక్కుని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాను. ఎవరూ కోయకుండా ఒడిలో పెట్టుకుని, కొంగు కప్పి, కూర్చుండిపోయాను.

బెల్లం నీళ్లు పోసినామె అందరి దిక్కూ తిరిగింది.

"చూసిన్రా? అమ్మ కోడిని అడిగి తీసుకున్నది!"

కాదర్రా, దాచుకున్నది! అని అరిచాను. "ఆఁ!" అని వినపడింది. అందరూ దండం పెట్టారు.

అంతలో మా ఆయన పొలం నుంచి వచ్చాడు. నిదానస్తుడు. ముందు కూర్చుని నా ముఖం చూశాడు, పక్కకు జరిగి చూశాడు.

"అవ్వా, శివమెత్తితే మనిషి ఊగుతది గదా. ఇది ఊగుతలేదేంది? కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. గదుమ జూడు, ముంగటికొచ్చింది. చెవి ముందట గుంత పడ్డది. దౌడ జారినట్టుంది."

"దౌడ జారుడేందిరా? దౌడేమన్న పంచెనా జారనీకె?"

"దవాఖానకు తీస్కపోత."

"అమ్మను దవాఖానకు తీస్కపోతవురా! పాపం తగుల్తది!"

"తగిలితే అమ్మ పక్కననే ఉన్నది, అడుగుత," అని నన్ను లేపాడు. కోడిని అక్కడ పెట్టమన్నాడు. నేను పెడతానా? పెడితే సాయంత్రానికి కూర.

అట్లా నేను, నా నోరు, నా కోడి, ముగ్గురం బస్సెక్కాము. దుమ్ము దారి. తలుపు తీసిన ఇంట్లోకి దుమ్ము వచ్చినట్టే నా నోట్లోకీ వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంటే చొంగకు తడుస్తోంది. ఎదుటి సీటు ముసలాయన నన్ను చూసీ చూసీ తనూ నోరు తెరిచి కూర్చున్నాడు. కండక్టర్ వచ్చాడు.

"కోడికి టికెట్ ఉన్నదా?"

"ఒళ్లనే ఉన్నది గదన్నా," అన్నాడు మా ఆయన.

"ఒళ్ల పొల్లగాన్ని పెట్టుకుంటె ఊకుంట. కోడికైతే టికెట్ తియ్యాలె."

మా ఆయన పైసలిచ్చి తీశాడు. నోరు మూతపడి ఉంటే అది జరగనిచ్చేదాన్నా? ఆ ఒక్క టికెట్టు నొప్పి దవడ నొప్పి కంటే ఎక్కువ.

కామారెడ్డి దవాఖానలో డాక్టరు సాబ్ పెద్ద వయసాయన. తల ఎత్తి చూసి, నా వంక కాదు, ఒడి వంక చూసి అడిగాడు: "కోడికేమైంది?"

"కోడి మంచిగనే ఉన్నది సాబ్. మనిషికే."

ఆయన అప్పుడు నా నోరు చూశాడు. నవ్వలేదు. నన్ను చిన్న పీట మీద కూర్చోబెట్టి, తల గోడకు ఆనించాడు. తన రెండు బొటనవేళ్లకూ మందంగా గుడ్డ చుట్టుకున్నాడు.

"గుడ్డెందుకు సాబ్?" అన్నాడు మా ఆయన.

"దౌడ కూసున్నప్పుడు తలుపు కొట్టుకున్నట్టు కొట్టుకుంటది. వెనకట ఒగాయన నా ఏలు కొరికిండు." తరువాత నాతో, "భయపడకు బిడ్డా. ఒళ్లు వదులు జెయ్యి. కోడిని జూడు, ఎట్ల నిమ్మలంగ ఉన్నదో."

నేను కోడిని చూశాను. ఆయన బొటనవేళ్లు నా వెనక పళ్ల మీద ఆనాయి. కిందికి నొక్కాడు, మెల్లగా వెనక్కి నెట్టాడు. బలమంతా ఎక్కడ పెట్టాడో తెలియలేదు.

టక్.

నా పళ్లు పళ్లను తాకాయి. అమ్మా! పుట్టినప్పటి నుంచి తాకుతూనే ఉన్నాయి, ఒక్కనాడైనా తెలిసిందా? పెదవి పెదవి మీద వాలింది. ఉమ్మి మింగాను. రాజుకు పోయిన రాజ్యం తిరిగొస్తే అంత సుఖం ఉంటుందో ఉండదో. గుడికి పోయినప్పుడు కూడా నేను అంత నిశ్శబ్దంగా ఎన్నడూ కూర్చోలేదు.

"ఏలు చెవి ముందట పెట్టు," అన్నాడు డాక్టరు సాబ్. "ఇప్పుడు జరంత తెరువు. జరంతనే! ఏమన్న కదిలిందా?"

కదిలింది. చర్మం కింద ఒక చిన్న ఎముక, గూట్లో పిట్టలా, ముందుకు వచ్చి మళ్లీ వెనక్కి పోయింది.

"తలుపు బందు తిరుగుతది, అంతే. ఇది తిరుగుతది, ముంగటికి జారుతది గూడ. రెండు దిక్కుల ఉన్నయి, రెండూ ఒక్కటే తీరు నడవాలె. నువ్వు తిన్నా, మాట్లాడినా, ఆవులించినా అది పోయి వస్తనే ఉంటది. చిన్న గుంతల ఉంటది, గుంత ముందట గట్టు. నువ్వు మరీ పెద్దగ అరిస్తివి, ఎముక గట్టు దాటింది. దాటినంక కండలు బిగుసుకుంటయి, వాపసు రానియ్యవు."

"బండి చక్రం గట్టు దిగినట్టు," అన్నాడు మా ఆయన.

"బరాబర్."

నేను రెండు వేళ్లూ చెవుల దగ్గర పెట్టుకుని, కొంచెం తెరవడం, మూయడం, తెరవడం. దుకాణంలో కొనని, ఎవరూ నూనె వేయని ఈ బందులు ఇన్నేళ్లుగా నా తిట్లన్నీ మోశాయి! పొలంలో ఎద్దుకైనా దినానికి ఇంత మేత వేస్తాం. వీటికి నేను ఏం పెట్టాను? చింతగింజలు కొరికి పెట్టాను.

ఆయన కొత్త గుడ్డతో గడ్డం కింది నుంచి నెత్తి మీదికి కట్టు కట్టాడు. "కట్టు ఇప్పొద్దు. ఒకపారి జారింది మల్ల జారుతది. అంబలి తాగు, మెత్తటిది తిను. ఆవులింతొస్తే గదుమ కింద పిడికిలి పెట్టుకో. అరవొద్దు. సమజైందా?"

తల ఊపాను. కోడి కూడా ఊపింది.

ఇంటికి వచ్చేసరికి మా అత్త గడపలో నిలబడి ఉంది. దవడ సంగతి మా ఆయన ఎంత చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

"మీ డాక్టరేం జేసిండో నాకెందుకు? ఈ పెట్ట అమ్మ ఒళ్ల కూసున్నది. దీన్ని కోస్తే కండ్లు పోతయి. నా పుంజును ఇచ్చి మొక్కు తీర్చుకున్న."

నా పెట్ట బతికింది! ఆ సాయంత్రం పసుపు కుంకుమ పెట్టిన గోడ ముందు నిలబడి, చెవుల దగ్గర వేళ్లు పెట్టుకుని, కట్టులోంచే ఒట్టు వేశాను: "తల్లీ, చంద్రుడు ఊడిపడ్డా, అత్త మీద పడ్డా, ఈ నోరు రెండు వేళ్ల కంటే ఎక్కువ తెరవను. ఇక అరిచానా, నేను మా అమ్మ కడుపున పుట్టలేదు."

మరునాడు పొద్దున లేచి చూసుకుంటే కట్టు బట్ట మంచిది, కొత్తది. చెమటకు మాసిపోతుందని విప్పి, మడిచి, పెట్టెలో దాచాను. వాకిట్లోకి వచ్చాను. మా అత్త నా పెట్టకు కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, పండుగలకని నేను దాచిన సన్నబియ్యం చాటెడు ముందర పోసి, దండం పెడుతోంది.

"చాటెడు సన్నబియ్యమా...!"

టప్.

బస్సులో కండక్టర్ నన్ను చూశాడు, ఖాళీ ఒడిని చూశాడు.

"ఏందమ్మా, ఇయ్యాల కోడి రాలే?"