లేని డ్రైవు ఓబిలేషన్న

మా ఓబిలేషన్న సీడీని సీడీగా చూడలేడు. ధర్మవరంలో ఎవరు ఏ సీడీ తెచ్చినా, ముందు దాన్ని ఉన్నదున్నట్టు ఒక్క ఫైలుగా మార్చి దాచుకుంటాడు. దాని పేరు ఇమేజ్. తర్వాత సీడీని పక్కన పడేసి, కంప్యూటరు నల్ల తెర మీద ఒక ఆదేశం టైపు కొట్టించి, ఆ ఫైలే సీడీ డ్రైవని కంప్యూటరును నమ్మిస్తాడు. "ఎక్కింది" అంటాడు. పనయ్యాక "దించు" అంటాడు. బస్టాండులో కండక్టర్లు కూడా అన్నిసార్లు ఎక్కించి దించరు.

మౌసు ముట్టడు. కొట్టేది నేను. తొమ్మిదిలో బడి మానేసి, ఆయన కంప్యూటరు అంగడి ఊడ్చడానికి చేరినదాన్ని. ఎవరైనా పేరడిగితే నేల చూసేదాన్ని.

"మౌంట్... స్పేస్... హైఫన్ ఓ... స్పేస్... లూప్..." అని ఆయన పెండ్లి మంత్రంలా చెప్పేవాడు. ఒక్క స్పేస్ తప్పితే మళ్లీ మొదటికి.

"స్పేస్ అంటే ఉత్త జాగా అనుకొంటివా సువర్ణా? అది ఇంటికి వాకిలి. లేకుంటే యాడ దూరతావు?"

ఒకసారి యేసన్న తన కూతురి పెండ్లి సీడీ తెచ్చాడు.

"పెట్టి చూపించప్పా!"

"ఊరికే తిప్పితే సీడీ అరుగుతాదన్నా."

"అరిగేదానికి అదేమన్నా కాలి చెప్పా? లేని డ్రైవులో లేని సీడీ పెట్టే పిచ్చోడివి నువ్వొక్కడివే!"

ఓబిలేషన్న నొచ్చుకోలేదు. "ఎక్కింది, చూడు" అన్నాడు.

మొన్న శ్రావణానికి ముందు ఇంద్రాణక్క పరిగెత్తుకొచ్చింది. ఆమెది కంప్యూటరు మగ్గం. చేతిలో సీడీ రెండు ముక్కలు.

"అన్నా, మగ్గం పెట్టెలో డిజైను చెరిగిపోయింది. మళ్లీ ఎక్కిద్దామంటే సీడీ ఇట్లుండాది. పెండ్లిచీర సగం నేసినా. మిగతా సగానికి ఇదే అంచు రాకుంటే యాపారి తీసుకోడు. గీసిన మా నాయన పోయి ఏడాదాయె. ఇంకెవరు గీస్తారు?"

"ఇమేజ్ ఉండాదిలేమ్మా."

"తెలుసు! సీడీ ఇచ్చినప్పుడు ఇమేజ్ తీసుకోనా అంటివని నాయన ఇంటికొచ్చి గొప్పగా చెప్పినాడు. నాయన ఫోటోతో చీర నేస్తానా అన్నా? నాకు అంచు కావల్ల!"

ఓబిలేషన్న నావైపు తిరిగాడు. "కొట్టు. మౌంట్, స్పేస్, హైఫన్ ఓ, స్పేస్, లూప్, స్పేస్..."

"అన్నా, ఆర్ ఓ మరిచినారు."

ఆ గొంతు నాదే. ఫైలును చదవడమే తప్ప చెరపడానికి వీల్లేకుండా చేసే మాట అది. బయటి మనిషి ముందు నేను నోరు తెరవడం అదే మొదలు.

"అవునే! పెట్టు, పెట్టు" అన్నాడు.

పెట్టి, ఎంటర్ నొక్కాను. నల్ల తెర ఏమీ అనలేదు. అది ఏమీ అనకపోతేనే పనయినట్టు. తెరిస్తే వరసగా చిలకలు, మధ్యలో మామిడిపిందెలు.

"ఇదే! ఇదేనన్నా!" ఇంద్రాణక్క తెరకు చెయ్యి ఆనించింది. అంతలో, "ఆ ఫైలు పక్కన ఇంకొకటుండాదే, అదేంది?"

"ఏం లేదు. దించు, దించు!" ఓబిలేషన్న కంగారుగా మౌసు కోసం తడుముకున్నాడు. మౌసు ముట్టని మనిషి! ఆయనకు అది దొరికేలోపు నేను తెరిచేశాను.

ఫోటో. మా అంగడి గోడకు ఆనుకుని ఇంద్రాణక్క నాయన. భుజాన కొత్త తువ్వాలు, ఒక చేత్తో మీసం దువ్వుతూ, ఇంకో చేత్తో సీడీని గెలిచిన కప్పులా పట్టుకుని.

"ఏం చేసేదమ్మా?" ఓబిలేషన్న తల గోక్కున్నాడు. "ఇమేజ్ అనంగానే పెద్దాయన తువ్వాలు సర్దుకొని నిలబడె. నీకు కాదు, సీడీకి అని యాడ చెప్పేది?"

పక్క ఫోల్డర్లు చూశాను. ప్రతి సీడీ ఇమేజ్ పక్కనా ఒక ఫోటో. నల్ల కళ్ళద్దాలతో యేసన్న కూడా!

ఇంద్రాణక్క ఫకాలున నవ్వింది. "మీసం ఒకపక్కే లేచిండాది. చెప్పకూడదా అన్నా?"

"చెప్పినా. 'నువ్వు తీయప్పా, నా అంచు చూసేవాళ్లు మీసం చూస్తారా' అనె."

ఆమె పెన్‌డ్రైవు అందించింది. అంచు ఎక్కించాను. ఎవరూ చెప్పకుండానే మీసం కూడా ఎక్కించాను.